చారలోడు

ఒకే సీసాలోని నీళ్ళు. భూతద్దం చూసి విషం లేదంది. నాలుగక్షరాలాయన యంత్రం చూసి ఉందన్నాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని లాబ్‌లో మిగతావాళ్ళు టీ తాగుతూ తేల్చేశారు. ఆ ఒక్కరు ఎవరన్నది మాత్రం పక్కన ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మారుతూ వచ్చింది.

భూతద్దం ఆమె అసలు పేరు కాదు. పెళ్ళికాక ముందు నుంచీ మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నందుకు అందరూ పెట్టిన పేరు. నాలుగక్షరాలాయన కిందటేడు వచ్చాడు. జన్యువుల భాషలో ఉండేవి నాలుగే అక్షరాలని మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ పేరు అప్పుడే అంటుకుంది. "నాలుగక్షరాలకే ఇంత మిడిసిపాటైతే యాభై ఆరూ వస్తే పట్టగలమా" అని భూతద్దం అన్న మాట అతని చెవిన పడింది. అతను నవ్వలేదు. మర్చిపోలేదు కూడా.

లాబ్ పని ఒక్కటే. ఊరిని ఆనుకున్న అఖాతంలో తాళ్ళకు ఆల్చిప్పలు పెంచుతారు. కోతకు ముందు అక్కడి నీళ్ళు లాబ్‌కి వస్తాయి. ఆ నీళ్ళలో డైనోఫ్లాజెల్లేట్లు ఉంటాయి. ఒకే ఒక్క కణంతో బతికే జీవులు. కొరడాల్లాంటి రెండు తోకలతో బొంగరంలా తిరుగుతూ ఈదుతాయి. చాలావరకు మనుషుల జోలికి రావు. ఒక రకం మాత్రం ఒంటినిండా పలకలు తొడుక్కుని ఉంటుంది, దానిలో విషం ఉంటుంది. ఆల్చిప్ప పొద్దస్తమానం నీళ్ళు వడకట్టుకుని తింటుంది కాబట్టి ఆ విషం దాని మాంసంలో చేరుతుంది. ఆల్చిప్పకు ఏమీ కాదు. దాన్ని తిన్న మనిషికి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత వేళ్ళు, ఆ తర్వాత ఊపిరి ఆడదు. ఉడకబెట్టినా ఆ విషం పోదు. లాబ్‌లో ఆ రకాన్ని పలకలోడు అంటారు. దానికి శాస్త్రం పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దాన్ని పలికేలోపు టీ చల్లారిపోతుంది.

ఇంకొకడున్నాడు, చారలోడు. వాడి ఒంటిమీద పలకలుండవు, నిలువు చారలుంటాయి. విషం లేదు. బతికున్నప్పుడు ఇద్దరికీ పోలికే లేదు. కానీ బతికున్నవి ఒకచోట నిలవవు, లెక్కపెట్టనివ్వవు. అందుకని ప్రతిసారీ రెండు సీసాల నీళ్ళు తెస్తారు. ఒకదానిలో అయోడిన్ వేస్తారు, రెండోదాన్ని అలాగే చల్లటి అల్మరాలో పెట్టి, కాగితం మీద సంతకాలయ్యాక పారబోస్తారు. అయోడిన్ పడగానే అన్నీ చచ్చి గోధుమరంగుకు తిరుగుతాయి. చారలోడు ముడుచుకుపోతాడు, చారలు చెదిరిపోతాయి. అప్పుడు ఇద్దరూ గోధుమరంగు ఉండలే. ఏ ఉండ ఎవరో చెప్పగలిగేది భూతద్దం ఒక్కతే. పలకల మధ్య అతుకులు ఆమె కంటికి ఆనుతాయి.

ఆ "ఒక్కతే" అన్న మాట లాబ్ నడిపే పెద్దాయనకు నచ్చేది కాదు. అందుకే కొత్త పద్ధతి పెట్టాడు. అనుమానం తగిలిన ఉండలను భూతద్దం సన్నటి గాజుగొట్టంతో ఒక్కొక్కటిగా ఏరి, గొట్టానికి ఒకటి చొప్పున చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వెయ్యాలి. నాలుగక్షరాలాయన వాటిని యంత్రంలో పెట్టాలి. యంత్రం పలకలోడికి మాత్రమే ఉండే ఒక జన్యు గుర్తును వెతుకుతుంది. దొరికితే దానికి ప్రతుల మీద ప్రతులు తీస్తుంది, తెరమీద గీత లేస్తుంది. దొరక్కపోతే గీత పడుకునే ఉంటుంది. కన్నూ యంత్రమూ ఒకే మాట చెబితేనే సంతకం.

ఈసారి ఆమె ఏరి వేసినవన్నీ చారలోళ్ళే. గీతలు మాత్రం ఒకటి రెండు తప్ప అన్నీ లేచాయి.

"ఒకటైతే పొరపాటు అనుకుంటాను," అన్నాడు పెద్దాయన తన గదిలో ఇద్దరినీ నిలబెట్టి. "ఇదేంటమ్మా?"

"ఆయన్నే అడగండి సర్. నేను వేసినవి చారలోళ్ళు. నా చేతిలోంచి వెళ్ళాక వాటిలో ఏం కలిసిందో నాకేం తెలుసు?"

"ఏం కలుస్తుంది మేడమ్?" నాలుగక్షరాలాయన గొంతు పెంచలేదు.

"మీ గదిలో పలకలోణ్ణి ఫ్లాస్కులో పెంచుతున్నారుగా, యంత్రానికి నమూనా అని. ఫ్లాస్కు ఈ బల్ల మీద, గొట్టాలు ఆ బల్ల మీద. ఒక్క తుమ్ము చాలు."

"ఫ్లాస్కును అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను."

"ఈ పొద్దుటి నుంచేగా? అంతకుముందు వెయ్యలేదుగా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే."

అతను ఆమె వైపు చూడలేదు. పెద్దాయనతో అన్నాడు. "సర్, నేనూ ఒకటి అడగనా? అఖాతంలో సగం తాళ్ళు ఎవరివి?"

సగం తాళ్ళు ఆమె తమ్ముడివి. ఆ సంగతి లాబ్‌లో అందరికీ తెలుసు. ఇంతవరకూ ఎవరూ నోరు తెరిచి అనలేదు, అంతే.

"రేపు సాయంత్రానికి మీరిద్దరూ తేల్చుకోండి," అన్నాడు పెద్దాయన. "తేలకపోతే అఖాతం మూసేసి, మాంసం తీయించి పెద్ద లాబ్‌కి పంపుతాను. వాళ్ళు ఎప్పుడు చెబితే అప్పుడే కోత."

పెద్ద లాబ్ వేరే ఊళ్ళో ఉంది. అక్కడి నుంచి జవాబు నత్తనడకన వస్తుంది. ఈలోపు నీళ్ళు వేడెక్కుతాయి, ఆల్చిప్పలు గుడ్లు వదిలేసి చిక్కిపోతాయి. చిక్కిన ఆల్చిప్పను పిల్లి కూడా ముట్టదు. తమ్ముడికి ఈ ఏటి పంట అంతటితో సరి.

ఆమె పెద్దాయనకు చెప్పని సంగతి ఒకటుంది. ముందురోజు సాయంత్రం, యంత్రం సంగతి తేలకముందే తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఫోన్‌లో హలో అనడు, ఈల వేస్తాడు. చిన్నప్పుడు వీధి చివర నుంచి ఈలేసి అక్కను పిలిచేవాడు. ఆ అలవాటు పోలేదు.

"ఏంటక్కా, నా ఆల్చిప్పల జాతకం?"

"నా కంటికి శుభ్రంగానే ఉంది. కాగితం వచ్చేదాకా ఆగు."

"నీ కన్ను కంటే కాగితం గొప్పదా?"

"ఆగమన్నానా లేదా?"

"ఆగుతా, ఆగుతా. ఆగకపోతే నువ్వు ఊరుకుంటావా, వీపు చీరేయవూ?"

గీతలు లేచాయని తెలిశాక ఆమె వాడికి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తప్పు యంత్రానిదని ఆమెకు అనుమానం లేదు. యంత్రం తప్పుకు వాణ్ణి భయపెట్టడం ఎందుకనుకుంది.

ఆ రోజంతా ఆమె నాలుగక్షరాలాయనను కనిపెట్టి చూసింది. అతని గది తలుపుకు చిన్న అద్దం ఉంది. మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాలంటే ఆ తలుపు ముందు నుంచే వెళ్ళాలి, ఆ రోజు ఆమెకు దాహం ఎక్కువైంది. ఫ్లాస్కులో నీళ్ళు కిందటి వారం కంటే తగ్గాయి. అతను చేతితొడుగులు మార్చకుండా తలుపు గడియ ముట్టుకున్నాడు. పోయినవారం అతను ఆమె గది బయట గోడను టేపుతో కొలిచిన సంగతి కూడా గుర్తొచ్చింది. కన్ను తప్పని తేలితే మైక్రోస్కోపు బల్ల ఎత్తేస్తారు. బల్ల ఎత్తేస్తే ఆ గదిలో ఇంకో యంత్రం పడుతుంది. లెక్క కుదిరింది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఆమె పట్టాలనుకుంది.

ఉచ్చు ఇలా పన్నింది. కిందటేడు చలికాలపు సీసా ఒకటి బీరువాలో ఉంది, అఖాతం శుభ్రంగా ఉన్నప్పటిది. దాన్లోంచి చారలోళ్ళను ఏరి కొన్ని గొట్టాల్లో వేసింది. ఇప్పటి సీసాలోంచి ఏరినవి మిగతా గొట్టాల్లో వేసింది. అన్నిటి మీదా ఒకే రాత. ఇప్పటి సీసావి అని తనకు తెలియడానికి వాటి అడుగున పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది. తిరగేసి చూస్తే తప్ప కనపడదు. అతని బల్ల మీద ఫ్లాస్కు నీళ్ళు పడుతుంటే అన్ని గొట్టాల్లోనూ పడాలి. పాతవాటిలో కూడా గీత లేవాలి. లేచిందంటే దొంగ దొరికినట్టే.

"మళ్ళీ ఏరారా?" అన్నాడు నాలుగక్షరాలాయన గొట్టాలు అందుకుంటూ.

"పెద్దాయన తేల్చమన్నారుగా."

"ఇవన్నీ అదే సీసావా?"

"కాకపోతే మా ఇంటి బిందెలోవా?"

మర్నాడు మధ్యాహ్నం అతనే పిలిచాడు. తెరమీద గీతలు కొన్ని లేచాయి, కొన్ని పడుకున్నాయి. ఆమె గొట్టాలు ఒక్కొక్కటే తీసి తిరగేసింది. చుక్క ఉన్న ప్రతి గొట్టంలోనూ గీత లేచింది. చుక్క లేనివాటిలో ఒక్కదానిలోనూ లేవలేదు. మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. చుక్కలు మారలేదు.

"అడుగున ఏముంది మేడమ్?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి రెండుసార్లు చూశారు."

ఆమె తన గదికి వచ్చి తలుపు వేసుకుంది. అతని చెయ్యి శుభ్రమే. అతను ఏ గొట్టం దేనిదో తెలియకుండా పెట్టాడు, యంత్రం తెలిసినట్టే విడదీసింది. పోనీ, తన కన్ను తప్పిందా? మైక్రోస్కోపు కింద మళ్ళీ చూసింది. అతుకుల్లేవు, పలకల్లేవు. నూటికి నూరుపాళ్ళూ చారలోడే. కన్ను అబద్ధమాడలేదు. యంత్రం అబద్ధమాడలేదు. ఇక మిగిలింది చారలోడు.

ఇన్నేళ్ళలో ఆమె చారలోణ్ణి చూసిందంతా అయోడిన్‌లోనే. గోధుమరంగు ఉండ, లోపల ఏముందో తెలియని ఉండ. బతికున్నవాణ్ణి చదువుకునే రోజుల్లో ఒకసారి చూసింది. గాజులా ఉంటాడు, సొంత రంగు లేదు. సొంత రంగు లేదంటే ఎండతో తిండి వండుకోలేడని. వండుకోనివాడు ఇంకొకరిది తినాలి.

ఆమె లేచి చల్లటి అల్మరా దగ్గరికి వెళ్ళింది. రెండో సీసా ఎప్పుడూ ఉండే వెనక వరసలో లేదు, ముందుకు వచ్చింది. మూత చుట్టూ టేపు వేసి ఉంది, టేపు మీద నాలుగక్షరాలాయన సంతకం. ఆమె బ్లేడు తెచ్చింది.

"ఆ టేపు ఎందుకు కోస్తున్నారు?"

అతను వెనకే నిలబడి ఉన్నాడు.

"మీరెందుకు వేశారు?"

"మీరు కోస్తారని."

"అంటే నామీద కాపలా?"

"మీరు నా తలుపు ముందు నుంచి నిన్న ఎన్నిసార్లు మంచినీళ్ళకు వెళ్ళారో నేను చెప్పనా?" అతను చేతులు కట్టుకున్నాడు. "ఆ సీసాలో మీరేదైనా పోస్తే? నీళ్ళే మార్చేస్తే? తమ్ముడి తాళ్ళు మేడమ్. నా తమ్ముడివైతే నామీద నాకే నమ్మకం ఉండదు."

ఆమె బ్లేడు అతని చేతిలో పెట్టింది. "అయితే మీరే కోయండి. మీరే చుక్క తియ్యండి. నేను ముట్టను. చూస్తాను, అంతే."

అతను కోశాడు. చుక్క తీసి గాజుపలక మీద వేశాడు. ఆమె కంటిని అద్దానికి ఆనించింది. ఒక చారలోడు అడ్డంగా ఈదుకుంటూ వచ్చాడు, నెమ్మదిగా, నిండు గర్భిణిలా. ఒళ్ళు గాజే. చారలు తెలుస్తున్నాయి. నడుమ మాత్రం గోధుమరంగు ముద్ద ఉంది. ఆమె మరను సన్నగా తిప్పింది. ముద్దకు పలకలున్నాయి. పలకల మధ్య అతుకులున్నాయి.

"చూడండి," అని పక్కకు జరిగింది.

అతను చాలాసేపు చూశాడు. "లోపల ఉన్నది..."

"మీ పలకలోడే. మింగాడు."

"అంటే నా గీత చెప్పింది వాడి గురించి కాదు. వాడి భోజనం గురించి."

"మీ యంత్రం ఇంట్లో ఎవరున్నారని అడిగింది. నేను ఇల్లు ఎవరిదని చూశాను."

"మరి పలకలోళ్ళు నీళ్ళలో విడిగా ఒక్కడు కూడా లేడే?"

"చారలోళ్ళు ఊడ్చేశారు. అందుకే నాకు కనపడలేదు. నీళ్ళు శుభ్రమే..." అక్కడ ఆమె మాట ఆగింది.

నీళ్ళు శుభ్రం. కానీ చారలోళ్ళు పొట్ట నింపుకుంటున్నన్నాళ్ళూ అదే నీళ్ళలో ఆల్చిప్పలు కూడా నోరు తెరుచుకునే ఉన్నాయి. చారలోళ్ళు తిన్నదే అవీ తిన్నాయి.

ఆమె ఫోన్ తీసింది. తమ్ముడు ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు.

"మీకు బండి ఉందిగా?" అంది.

"ఎక్కడికి మేడమ్?"

"కాగితం రాకముందే వాడికి చెప్పాను," అంది ఆమె. "శుభ్రంగా ఉందని చెప్పాను."

అతను దెప్పిపొడవడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. తాళంచెవులు తీసుకున్నాడు.

దారిలో బండి మీద ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ గోడ ఎందుకు కొలిచారు?"

"ఇంకో యంత్రం బయట గోడకి పడుతుందేమోనని."

"నా గదిలో కాదూ?"

"బయట పట్టకపోతే అప్పుడు చూద్దామనుకున్నా."

కనీసం నిజం చెప్పాడనుకుంది.

తమ్ముడి షెడ్డు నీటి ఒడ్డున ఉంది. రేకు తలుపు తీసే ఉంది. వాడు లోపల చిక్కుపడ్డ తాళ్ళు విప్పుతున్నాడు. అక్కను, వెనక కొత్త మనిషిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంటక్కా ఇలా ఊడిపడ్డావ్? ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చేశాను. ఎందుకెత్తలేదు?"

"ఎక్కడో పెట్టాను."

ఫోన్ వాడి పక్కన స్టూలు మీదే ఉంది. ఆమె దాన్ని చూసింది. వాడు తను చూడలేదన్నట్టు తాడు కొస చేతికి చుట్టుకున్నాడు. మూలన ఒక బుట్ట మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. దాని కింద నుంచి నీళ్ళు నేలమీదికి కారుతున్నాయి.

"ఆ బుట్ట ఏంటి?"

"అదా? ఖాళీ."

"ఖాళీ బుట్ట నీళ్ళు కారుస్తుందా?"

"ఒక్క తాడు లాగానక్కా. ఎలా ఉన్నాయో చూద్దామని. కాగితం రాగానే కోసేద్దామని కూలీలకు చెప్పొద్దూ? ఎవరికీ ఇవ్వలేదు. ఒట్టు. ఒక్కటి కూడా బయటికి పోలేదు."

"నువ్వు తిన్నావా?"

"లేదు."

"నిజం చెప్పు."

"ముట్టలేదంటున్నాగా! పోలీసులా నిలదీస్తావేంటి, అదీ పరాయివాళ్ళ ముందు?"

అలా అంటూ బొటనవేలితో కింది పెదవి రుద్దుకున్నాడు. ఆమె ఇన్నేళ్ళు బతుకుతెరువుగా చేసిన పని ఒక్కటే, ఇంకొకరి కంటికి ఆననివాటిని చూడటం. వేలు మళ్ళీ పెదవి మీదికి వెళ్ళింది.

"ఈల వెయ్యి," అంది.

"ఏంటి?"

"ఒక్కసారి ఈల వెయ్యరా."

"అక్కా, నీకేమైనా పిచ్చా?"

"పిచ్చే. వెయ్యి."

వాడు నవ్వి పెదాలు సున్నాలా చుట్టాడు. గాలి వచ్చింది. ఈల రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. గాలితో పాటు కొంచెం ఉమ్మి వచ్చింది. వాడి ముఖంలో నవ్వు పోయింది.

"ఎన్ని తిన్నావ్?"

వాడు ఒక చెయ్యి ఎత్తి వేళ్ళు చూపాడు. తర్వాత రెండో చెయ్యి కూడా ఎత్తాడు. "నువ్వు శుభ్రమన్నావుగా," అన్నాడు. "అందుకే తిన్నా."

ఆమె వాడి భుజం పట్టుకుని బయటికి నడిపించింది. నాలుగక్షరాలాయన అప్పటికే షెడ్డు బయట ఉన్న తమ్ముడి వ్యానులో స్టీరింగు ముందు కూర్చున్నాడు. "బుట్ట కూడా తెండి మేడమ్," అని అరిచాడు. "డాక్టరు ఏం తిన్నాడని అడుగుతారు."

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. తమ్ముడు అక్కడ కూడా "మామూలు భోజనమే" అన్నాడు. ఆమె బుట్ట బల్ల మీద పెట్టి గోనె తీసింది. ఈ విషానికి విరుగుడు లేదన్నాడు డాక్టరు. ఊపిరి నిలబెడితే విషం ఒంట్లోంచి దానంతటదే దిగిపోతుందన్నాడు. దిగేదాకా కాచుకోవాలన్నాడు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, మోచేతుల దాకా పాకింది. ముక్కుకు గొట్టం పెట్టారు. ఛాతీ లేచి పడటాన్ని ఆమె చూస్తూ కూర్చుంది. అంతసేపు ఆమె దేన్నీ ఎప్పుడూ చూడలేదు, మైక్రోస్కోపులో కూడా.

తెల్లారాక వాడు కళ్ళు తెరిచి గొట్టం పక్క నుంచి మాట్లాడాడు. నాలుక ఇంకా మొద్దుగానే ఉంది.

"వ్యానులో చెప్పావుగా, ఆ చారలోడు కూడా తిన్నాడని. వాడికేం కాలేదా?"

"ఏం కాలేదు. ఈదుతున్నాడు."

"వాడికి అక్క లేదు కదా," అన్నాడు వాడు.

ఆమె నవ్వలేకపోయింది. వాడు అన్నది జోకో నిందో తేల్చుకోలేకపోయింది. అడగలేదు కూడా. వరండాలోకి వచ్చి పెద్దాయనకు ఫోన్ చేసింది.

"తేలింది సర్. అఖాతం మూసెయ్యండి. యంత్రం చెప్పింది నిజం. నా కన్ను చెప్పిందీ నిజమే. ఇకమీదట రెండో సీసా చూడకుండా సంతకం పెట్టకూడదు."

"మాంసం పంపాలి కదా. పడవ పంపించనా?"

"అక్కర్లేదు. ఒక బుట్ట నా దగ్గరుంది."

పెద్దాయన వెంటనే పట్టుకున్నాడు.

"కోత మొదలవ్వలేదుగా. ఆ బుట్ట ఎక్కడిది?"

వరండా బల్ల మీద నాలుగక్షరాలాయన చొక్కా ముడతలతో కూర్చుని ఉన్నాడు. అతను తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. అతను వింటున్నాడని ఆమెకు తెలుసు. తను చెప్పకపోయినా అతను చెప్పడనీ ఎందుకో అనిపించింది. అతని మౌనం మీద ఆధారపడదలుచుకోలేదు.

"నేనే తీయించాను సర్," అంది. "నోటితో."

"అంటే?"

ఆమె మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్ సంగతి, తమ్ముడు ఆగుతానన్న సంగతి, తను మళ్ళీ ఫోన్ చెయ్యని సంగతి. లోపలి గదిలో తమ్ముడు పెదాలు చుట్టి ఊదుతున్నాడు. గాలే వస్తోంది. ఆమె చెబుతూనే చెవి అటు పెట్టింది.